సగం ఎత్తిన చెయ్యి

రానని చెప్పింది. చెప్పి వచ్చింది. వచ్చింది కదా, పోనీ తిన్నగా కూర్చుందా అంటే అదీ లేదు. సొంతూరి వాళ్ల వైపు కాకుండా, ఆటకొచ్చిన పొరుగూరి వాళ్ల వైపు, వాళ్ల బల్లల మీద, కోటుకున్న టోపీ కళ్లదాకా లాక్కుని, మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది మార్లిస్. అక్టోబరు చివరి శనివారం. బల్ల రేకు చలి ప్యాంటులోంచి ఎముకల్లోకి దిగుతోంది. మైదానానికి అవతల సొంతూరు మొత్తం ఎర్రచొక్కాలేసుకుని కూర్చుంది. వాళ్లకి ఎండ వీపుమీద, ఇవతలివాళ్లకి కళ్లల్లో. ఈ మైదానం కట్టిన తాతలు అతిథి మర్యాద అలా ఏర్పాటు చేసి పోయారు. అవతల పైవరసలో, మైకుగది స్తంభం పక్కన, ఒక మనిషి కూర్చునేంత ఖాళీ ఉంది. అది తన చోటు. తన భుజం రాసుకుని రాసుకుని ఆ స్తంభం రంగు కూడా పోయింది. విడాకులయ్యాక తనతో మాటలు మానేసినవాళ్లే, ఆ చోట్లో మాత్రం ఎవరూ కూర్చోలేదు, ఎంత మర్యాదస్థులో అనుకుంది. అనుకుంటే నవ్వొచ్చింది.

విరామం అయిపోతోంది. బ్యాండు పిల్లలు వాయిద్యాలు చంకన పెట్టుకుని మైదానం దిగిపోతున్నారు, అందరికన్నా వెనక ఒక బక్కపిల్ల, చేతిలో క్లారినెట్. బడి రోజుల్లో తనూ అలాగే వెనకబడేది. తిరిగి తిరిగి చూస్తూ నడిచేది గనక వెనకబడేది, చూసేది లోవెల్‌ని. తర్వాత మొగుడై, ఈ ఊరి జట్టుకి కోచ్ అయినవాడు, అప్పుడతనికి బడిలో ఆఖరి ఏడు, ఇప్పుడు కొడుకు నిలబడే చోటే అప్పుడతనూ నిలబడేవాడు. ఆ చోటంత ఒంటరి చోటు అమెరికన్ ఫుట్‌బాల్ మైదానంలో ఇంకోటి లేదు. అవతలి జట్టు ఇక ముందుకు పోలేమనుకున్నప్పుడు బంతిని ఆకాశంలోకి తన్నేస్తుంది. దాన్ని అందుకోవడానికి ఇవతలి జట్టులో ఒక్కడు, అందరికీ చాలా వెనక, పక్కన పలకరించేవాడు లేకుండా నిలబడతాడు. బంతి పైనుంచి దిగుతుంటుంది, కిందనుంచి అవతలి జట్టు జట్టంతా వాడి మీదికి పరిగెత్తుకొస్తుంటుంది. వాడు వాళ్లని చూడకూడదు, బంతినే చూడాలి. వాడికి ఒక దారుంది. ఒక చెయ్యి తలపైకి పూర్తిగా చాపి అటూ ఇటూ ఊపాడంటే ఇక వాణ్ని ఎవరూ ముట్టుకోకూడదు. వాడూ అడుగు ముందుకెయ్యకూడదు, పట్టుకున్న చోటే ఆట ఆగిపోతుంది. ఫెయిర్ క్యాచ్ అంటారు. ఎంత సులువు, చెయ్యెత్తడమే కదా, పిల్లలు బళ్లో రోజూ ఎత్తరూ.

ఈ ఊళ్లో ఎత్తరు. ఎప్పటినుంచి ఎత్తరో ఎవరికీ తెలీదు, లోవెల్‌కి నేర్పిన కోచ్ ఎత్తనివ్వలేదు, ఆయనకి నేర్పినాయన అసలు ఆ మాటే రానివ్వలేదట. బట్టలు మార్చుకునే గది గుమ్మం మీద రాసి ఉంటుంది, మనం చెయ్యెత్తం, అని. కుర్రాళ్లు బయటికొచ్చేటప్పుడు ఎగిరి ఆ అక్షరాలని చేత్తో కొట్టి మరీ వస్తారు, రంగు పోయినప్పుడల్లా ఎవరో ఒకరి తండ్రి నిచ్చెన తెచ్చి మళ్లీ రాస్తాడు. లెక్కల టీచరు ఓసారి అంది, మీ వాళ్లు నా క్లాసులో కూడా ఎత్తరమ్మా, ప్రశ్న అడిగితే అందరూ నేలచూపులే అని. అప్పుడు మార్లిస్ కూడా గట్టిగా నవ్వింది, కోచ్ పెళ్లాం కదా మరి, నవ్వాలి. కొడుకు ఎమ్మెట్ అప్పటికి చిన్నవాడు. వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ స్తంభానికి ఆనుకుని ఎన్ని శనివారాలు కేకలేసింది, పరిగెత్తరా, పరిగెత్తు అని, ఎవరెవరి పిల్లలనో. వాళ్ల తల్లులు కూడా అక్కడే ఎక్కడో కూర్చుని ఉండేవాళ్లు, ఆ సంగతి అప్పుడు తట్టనేలేదు.

"కాస్త జరుగుతావా అమ్మాయ్?"

ఒక పెద్దావిడ. పచ్చచొక్కా మీద పచ్చ స్వెట్టరు, దానిమీద పచ్చ కోటు, చేతిలో ఫ్లాస్కు, భుజాన దుప్పటి. జరక్కముందే కూర్చుంది, దుప్పటి విప్పి సగం తన కాళ్లమీద, సగం అడక్కుండానే మార్లిస్ కాళ్లమీద కప్పింది. పేరు ఆర్డిస్ అని, మనవడు డాసన్ ఇరవై రెండో నంబరని, వాడంత వేగంగా పరిగెత్తే పిల్లాడు చుట్టుపక్కల ఎక్కడా లేడని, వాడి కాళ్లు తమ వైపు నుంచే వచ్చాయని, అల్లుడివైపు వాళ్లంతా బండకాళ్ల వాళ్లని, కాఫీ మూత తియ్యకముందే చెప్పేసింది. "తన్నినప్పుడల్లా ముందు పోయి గుద్దేది మావాడే. చూస్తూండు." మార్లిస్ చూస్తానంది. కప్పు అందుకుంది. వేడి కాఫీ. ఈ వారంలో తనతో ఎవరైనా ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడారా అని వెతుక్కుంటే ఎవరూ తగల్లేదు. ఆమె పనిచేసేది పక్క తాలూకాలో, మొక్కజొన్న లారీలు తూచే గదిలో. లారీ వస్తుంది, కాటా ఎక్కుతుంది, డ్రైవరు కిటికీలోంచి చెయ్యి చాపుతాడు, చీటీ తీసుకుంటాడు, పోతాడు. కోతలరోజులు గనక అందరికీ తొందరే.

ఆ గదిలోనే బుధవారం ఫోనొచ్చింది. అమ్మా, శనివారం రాకు. ఎందుకురా? నువ్వుంటే నేను బంతిని చూడను, నువ్వెలా ఉన్నావోనని చూస్తుంటాను. నన్నెందుకు చూడ్డం, నాకేమైందిరా? ఏమో అమ్మా, చూస్తాను అంతే, నాన్న ఒకవైపు, నువ్వొకవైపు, బంతేమో పైన, ఎన్నని చూడను. వాడి గొంతు లోవెల్ గొంతులా మారిపోతోంది, ఫోన్లో ఒక్కోసారి భయమేస్తుంది. సరే రాను, లారీలు కూడా ఎక్కువున్నాయిలే, కానీ ఒక్కటే అడుగుతా, చెయ్యెత్తు.  చూస్తాలే. చూస్తాలే అంటే? చూస్తాలే అంటే చూస్తాలే అమ్మా. అంతకుముందు ఒక ఆదివారం తన దగ్గరికొచ్చినప్పుడు కాటా పక్కన నిలబెట్టి ఎత్తించింది. జవాబు సరిగా తెలియని పిల్లాడిలా చెవిదాకా ఎత్తి దించేశాడు. ఇంకా పైకిరా అంటే, చాలమ్మా ఎవరైనా చూస్తారన్నాడు. ఎవరు చూస్తార్రా, మొక్కజొన్నా? ఇద్దరూ నవ్వారు. కానీ చెయ్యి మాత్రం చెవి దాటలేదు.

ఈల. వాళ్లు వచ్చేశారు. ఎర్రవాళ్లలో వాడెక్కడున్నాడో నంబరు చూడక్కర్లేదు, చొక్కా కొస ఎప్పుడూ ఒకవైపే బయటికి వేలాడుతుంటుంది, ఎన్నిసార్లు దోపినా అంతే. అవతలి గీత దగ్గర లోవెల్, చేతులు కట్టుకుని, టోపీ కిందికి లాక్కుని. దూరం నుంచి చూస్తే అతనిమీద కోపం రాదు, అదేమిటో. దగ్గరగా ఉన్నప్పుడే ఆ మనిషితో వేగలేకపోయింది. రాత్రి భోజనం దగ్గర ఉప్పు కావాలంటే కూడా అడిగేవాడు కాదు, లేచి వెళ్లి తెచ్చుకునేవాడు. మెడ నరం పట్టి ఎడమచెయ్యి వణికితే బల్లకిందికి పెట్టుకునేవాడు. నొప్పిగా ఉందా అంటే, దేనికి అనేవాడు. ఆ చెయ్యి అలా అవడానికి కారణం ఇదే మైదానం, ఇదే ఆట, ఇక్కడే పడ్డాడు, పడ్డప్పుడు క్లారినెట్ పట్టుకుని చూస్తున్నది తనే. లేచాక ఊరంతా నిలబడి చప్పట్లు కొట్టింది, తనూ కొట్టింది. ప్రేమించడానికి అంతకన్నా కారణం వెతకలేదు ఆ వయసులో.

పచ్చవాళ్లు ముందుకు పోలేకపోయారు. తన్నుతారు ఇప్పుడు. ఎమ్మెట్ పడమటి కొసకి పరిగెత్తి నిలబడ్డాడు, ఎండ వాడి వీపుమీద, నీడ వాడికన్నా ముందు పొడుగ్గా పడుకుంది. మార్లిస్ కప్పు కింద పెట్టేసింది. బంతి లేచింది. "పో డాసన్, పో పో పో," ఆర్డిస్ దుప్పటి తన్నేసి లేచి నిలబడింది, ఇరవై రెండు నిజంగానే అందరినీ దాటేసి వస్తున్నాడు, వీడు పైకే చూస్తున్నాడు, చెయ్యెత్తు, ఎత్తరా నాన్నా, ఎత్తు. ఎత్తాడు. ఎత్తాడు కానీ చెవిదాకా, ఆ కాటా గదిలో ఎత్తినంతే, ఈగని తోలినట్టు ఒక్కసారి, అదీ అవతలి గీతకి కనబడకుండా ఒంటికి ఆనించి. బంతి చేతుల్లో పడింది, డాసన్ భుజం పొట్టలో పడింది. ఆ చప్పుడు ఇక్కడిదాకా వినిపించింది, సంచి లారీలోంచి జారి పడ్డట్టు. ఊరు మొత్తం హోయ్ అంది. మెచ్చుకోలో జాలో తెలియదు, ఆ కేక ఎప్పుడూ అంతే. వాడు కింద. హెల్మెట్ నేలమీద. తల లోపలే ఉంది, హెల్మెట్ లోపల తల, తల లోపల వాడు.

లే. లేవరా. ఆస్పత్రిలో తెల్లగోడలు, పోయిన ఏడు ఇలాగే పడ్డప్పుడు, వాడు మంచంమీద కూర్చుని, గెలిచామా అమ్మా అని అడిగాడు, గెలిచాం నాన్నా అంది, కాసేపాగి గెలిచామా అమ్మా అన్నాడు మళ్లీ, ముఖంలో అదే ఆత్రం, మొదటిసారి అడుగుతున్నట్టే, గెలిచాం, గెలిచామా, గెలిచాం నాన్నా, పడుకో. వాడి చొక్కా కొసని చేత్తో పట్టుకుని కూర్చుంది. డాక్టరు ఏదో మెల్లగా చెప్పింది, మళ్లీ ఇంకో దెబ్బ ఇలాంటిదే తగిలితే, అని ఆపేసింది, ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు, మంచి మనిషి. బయట వరండాలో లోవెల్ గోడకానుకుని నిలబడి ఉన్నాడు. ఏడుస్తాడేమో అనుకుంది, ఏడిస్తే దగ్గరికి తీసుకుందామనే వెళ్లింది. అతను గోడవంక చూస్తూ, అక్కడ ఖాళీ ఉంది మార్లిస్, ఎడమవైపు బోలెడంత ఖాళీ ఉంది, పోయుండచ్చు వాడు, అన్నాడు. అంతే. ఆ ఒక్క మాటతో ఆమె లోపల ఏదో తలుపు మూసుకుంది. తర్వాత లాయర్లు, సంతకాలు, సామాన్లు పంచుకోవడం, అదంతా ఊరికే జరగాల్సింది జరగడమే. అతనికీ తెలిసే ఉంటుంది ఆ మాట అనకుండా ఉండాల్సిందని, కానీ వెనక్కి తీసుకోలేదు, తీసుకునే మనిషి కాదు.

లేచాడు. మోకాలి మీద ఒక్క క్షణం ఆగి, లేచాడు. నేలమీద పసుపుపచ్చ గుడ్డ పడి ఉంది, తప్పు జరిగిందని రిఫరీ విసిరిందే. తప్పు డాసన్‌ది కాదు, ఎమ్మెట్‌దే. మార్లిస్‌కి తెలుసు, లోవెల్ బాత్రూంలో ఫ్లష్ ట్యాంకు మీద పెట్టే ఆ పలచటి నియమాల పుస్తకం ఇన్నేళ్లలో ఆమె కూడా చదివింది, అక్కడ చదవడానికి ఇంకేం ఉంటుంది గనక. సగం ఎత్తిన చెయ్యి లెక్కలోకి రాదు. పూర్తిగా ఎత్తితే రక్షణ ఉంది. అసలు ఎత్తకపోతే పరిగెత్తే హక్కు ఉంది. సగం ఎత్తినవాడికి ఈ రెండూ లేవు, పైగా శిక్ష. లోవెల్ గీత దగ్గర రిఫరీతో వాదిస్తున్నాడు, గాలి ఇటు వీస్తోంది, మాటలు తునకలుగా వస్తున్నాయి.

"ఎండండీ. పిల్లాడు ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఆ మాత్రం పెట్టుకోకూడదా?"

"పెట్టుకోవచ్చు కోచ్. ఎండ వాడి వీపుమీదుంది."

పచ్చవాళ్ల బల్లలన్నీ ఒక్కసారి ఘొల్లుమన్నాయి. ఆర్డిస్ కళ్లు తుడుచుకుంటూ, "వీపుకి గొడుగు పట్టుకున్నాడేమో," అంది. వెనకనుంచి ఎవడో కుర్రాడు, "ఒరేయ్, బస్సు ఆపుతున్నావట్రా?" అని అరిచాడు. మార్లిస్ కూడా పళ్లు బయటపెట్టింది, పెట్టకపోతే అడుగుతారని. అవతల లోవెల్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. కొడుకువైపు చూడలేదు. అబద్ధమాడాడు, ఆ మనిషి జీవితంలో ఒక అబద్ధమాడగా ఇప్పుడే చూసింది, కొడుకు కోసం ఆడాడు, అదీ అంత తెలివితక్కువ అబద్ధం. ఎందుకో ఆమెకి ఆ క్షణంలో అతనిమీద జాలేసింది. వాడు మాత్రం ఇద్దరి మధ్యా, మైదానం మధ్యలో, నేలచూపులు చూస్తూ చొక్కా దోపుకుంటున్నాడు.

తనే చేసింది ఇది. తనూ, అతనూ కలిసి చేశారు. నాన్నకి కనబడకుండా అమ్మ మాట నిలబెట్టాలి, అమ్మకి తెలియకుండా నాన్న మాట నిలబెట్టాలి, అందుకే చెయ్యి చెవిదాకా వచ్చి ఆగింది. క్రిస్మస్‌కి పొద్దున ఇక్కడ, సాయంత్రం అక్కడ, రెండుచోట్లా సగం సగం తిని, ఆకలి లేదంటాడు. ఎవరిని అడిగినా ఊఁ అంటాడు. ఆ ఊఁ విని ఇద్దరూ తమవైపే ఉన్నాడనుకుంటారు. తను బుధవారం ఆ ఒక్కటీ అడక్కుండా ఉంటే వాడు ఎత్తకనే ఎడమవైపుకి పరిగెత్తేవాడేమో, డాసన్ భుజం తప్పేదేమో. అడక్కుండా ఎలా ఉంటుంది, తల్లి. మనసులోనే లోవెల్‌తో పోట్లాడింది కాసేపు, అలవాటైన పోట్లాట, అతని మాటలు కూడా తనే అంటుంది, ఈమధ్య అతనే గెలుస్తున్నాడు.

పచ్చవాళ్లు రెండోసారి తన్నినప్పుడు వాడు బంతి దగ్గరికే పోలేదు. పక్కకి తప్పుకుని నేలమీద పడనిచ్చాడు, అది పిచ్చిపట్టినట్టు దొర్లుకుంటూ వెనక్కి వెనక్కి పోయింది. అవతలి గట్టుమీద ఊరంతా గొణిగింది, గొణుగుడు మైదానం దాటి వచ్చింది. ఎర్రవాళ్లలో ఎవరో తండ్రి, "భయమైతే దిగిపోరా," అన్నాడు, ఆ గొంతు ఆమెకి తెలుసు, మందుల షాపాయన, పిల్లాడికి చెవిపోటొస్తే అర్ధరాత్రి కొట్టు తెరిచి మందిచ్చిన మనిషి. ఆర్డిస్ రొట్టెముక్క తుంచి చేతిలో పెట్టింది. "తిను. ఏమీ తినలేదు నువ్వు. మీవాళ్లెవరు ఆడుతోంది?" మార్లిస్ రొట్టె నోట్లో పెట్టుకుంది, నోరు నిండుగా ఉన్నట్టు తలాడించింది. ఆర్డిస్ ఇంక రెట్టించలేదు, డాసన్ బూటు లేసు ఊడిందని అటు అరవడం మొదలుపెట్టింది.

ఆఖరి భాగానికి కొసలు మారారు. ఇప్పుడు తన్నితే ఎమ్మెట్ ఇటు, తూర్పు కొసకి వచ్చి నిలబడతాడు, ఈ బల్లల ముందే. ఎండ ఈసారి నిజంగానే వాడి కళ్లల్లో. ఆట చివరికొచ్చేసింది, పచ్చవాళ్లు నాలుగు పాయింట్లు ముందున్నారు, బంతి వాళ్లదే, కానీ ఇక ముందుకు పోలేక తన్నడానికి నిలబడ్డారు. ఇది పోతే ఎర్రవాళ్లకి ఈ ఏడు ఆటే లేదు. ఊరంతా లేచి నిలబడింది. పరిగెత్తు, పరిగెత్తు అని ఒకటే మోత, కాళ్లతో బల్లలు తన్నుతున్నారు, మైకుగది స్తంభం కూడా ఊగుతుంటుంది ఇలాంటప్పుడు, భుజానికి తెలుస్తుంది. ఎమ్మెట్ వెనక్కి నడుచుకుంటూ వచ్చాడు. ఎంత దగ్గరగా వచ్చాడంటే మెడమీద చెమటకి అంటుకున్న జుట్టు కనబడుతోంది. కత్తిరించాలి ఆ జుట్టు. పేరు పెట్టి పిలిస్తే వినబడేంత దూరం. పిలవకూడదు. టోపీ ఇంకా కిందికి లాక్కుంది, ముఖం దుప్పటివైపు తిప్పుకుంది. వాడు ఇటు చూడనే లేదు, పచ్చవాళ్ల వైపు వాడికేం పని. వాడి నీడ మాత్రం వెనక్కి పడి తన బూట్ల దాకా వచ్చింది. అంతమంది అరుస్తుంటే వాడొక్కడూ చేతులు రెండూ తొడలకి తుడుచుకుంటున్నాడు, పరీక్ష హాల్లోకి పోయే ముందు చేసేవాడలా. నాన్నా, పరిగెత్తితే పరిగెత్తు, ఎత్తితే ఎత్తు, నేనేం అననురా, కానీ సగం వద్దు. నా కోసం ఇంత, ఆయన కోసం ఇంత అని వద్దు. నేను అడిగింది వెనక్కి తీసుకుంటున్నాను, వింటున్నావా, తీసేసుకుంటున్నాను. పెదవులు కదులుతున్నాయని ఆమెకి తెలియదు, పక్కనున్న ఆర్డిస్ చూసింది.

బంతి లేచింది. చాలా ఎత్తుకి లేచింది, గాలికి ఆగినట్టు అక్కడే ఉంది. వాడు రెండడుగులు పక్కకి వేశాడు, ముఖం ఎత్తాడు, ఎండ సూటిగా కళ్లల్లో కొట్టింది, చెయ్యి లేచి కనుబొమల దగ్గర ఆగింది. మళ్లీ. మళ్లీ సగమే. ఈసారి సాకు కూడా ఉంది, ఎండకే పెట్టుకున్నానంటే ఎవరూ కాదనలేరు, అమ్మకి ఎత్తానని చెప్పచ్చు, నాన్నకి ఎత్తలేదని చెప్పచ్చు. డాసన్ వచ్చేస్తున్నాడు, గడ్డి చప్పుడు వినిపిస్తోంది, ఆర్డిస్ "గుద్దు వాణ్ని" అని అరిచింది, అరుస్తూ మార్లిస్ మోచెయ్యి పట్టుకుంది. అప్పుడు ఆ చెయ్యి కనుబొమల మీద నుంచి కదిలింది. హెల్మెట్ దాటింది. భుజం చొక్కాలోంచి సాగి, మోచెయ్యి నిటారై, వేళ్లు విప్పుకుని, ఇక ఎత్తడానికి చెయ్యి మిగలనంత పైకి పోయింది. అటు ఊపాడు. ఇటు ఊపాడు. మళ్లీ అటు. తొందరేమీ లేకుండా, ఊరందరికీ, గీత దగ్గర నిలబడ్డ తండ్రికి కూడా, బాగా కనబడేలా ఊపాడు. దించి, రెండు చేతుల్తో బంతి పట్టుకున్నాడు. డాసన్ ఆగలేక ఆగాడు, వాడికి మూరెడు దూరంలో పక్కకి గెంతి, జారి, కూర్చుండిపోయాడు. ఎమ్మెట్ చెయ్యిచ్చి లేపాడు.

మోత ఆగిపోయింది. మైదానంలో అంత నిశ్శబ్దం ఆమె ఎప్పుడూ వినలేదు, జెండా తాడు స్తంభానికి కొట్టుకునే టకటక వినబడింది. ఏడుపొచ్చేసింది ఆమెకి. వాడి తలకాయ వాడి భుజాలమీదే ఉంది, అంతకన్నా ఇంకేం కావాలి. ఎమ్మెట్ బంతిని రిఫరీకి ఇచ్చేశాడు. ఇచ్చి, తండ్రివైపు చూడలేదు. ఎండకి కళ్లు చికిలించి, అవతలి గట్టు పైవరసకి చూశాడు. మైకుగది స్తంభం దగ్గరికి. రావద్దని తనే చెప్పిన మనిషి కోసం చూశాడు. అక్కడ ఖాళీ. చూశాడు, ఇంకాసేపు చూశాడు, ఎవరైనా లేచి నిలబడతారేమో, జనం చాటునుందేమో అన్నట్టు మెడ సాచి చూశాడు. అప్పుడు తల వంచుకుని నడిచాడు. వాడికి ముప్పై అడుగుల వెనక బల్లమీద మార్లిస్ లేవబోయి, లేవలేక, చెయ్యి ఎత్తింది, ఎత్తిన చెయ్యి భుజందాకా వచ్చి ఆగింది. మాటిచ్చింది కదా, రానని.

"చెయ్యెత్తేశాడు దొంగపిల్లాడు," అంది ఆర్డిస్ కూర్చుంటూ. "పోన్లే, మావాడికీ దెబ్బ తగల్లేదు." తర్వాత ఇటు తిరిగింది. ఆ తడిసిన ముఖం, భుజం దగ్గర ఆగిపోయిన చెయ్యి, పోతున్న ఎర్రచొక్కా, మూడూ వరసగా చూసింది.

"వాడు నీ కొడుకా?"

"అవును."

"మరి ఇక్కడ కూర్చున్నావేంటమ్మా?"

 లోవెల్ ఉన్నాడని, ఊరివాళ్లు పలకరని, వాడే వద్దన్నాడని, కోతలని, లారీలని చెప్పచ్చు. ఏది చెప్పినా సగమే అవుతుంది. వచ్చీ రాకుండా వచ్చింది. చూసీ కనబడకుండా కూర్చుంది. పిల్లాడు చెయ్యి పూర్తిగా ఎత్తాలని అడిగి, తనేమో భుజందాకా ఎత్తి, ఒంటికి ఆనించుకుని, ఎవరికీ కనబడనివ్వలేదు. దుప్పటి మడిచి ఆర్డిస్ ఒళ్లో పెట్టింది. "వెళ్లు," అంది ఆర్డిస్, రొట్టె మిగిలిన పొట్లం ఆమె కోటు జేబులో కుక్కుతూ, "వాడికి పెట్టు."

మైదానం చుట్టూ కంచె. తూర్పు కొసన స్కోరుబోర్డు వెనకనుంచి బూడిదరంగు దారి తిరుగుతుంది. టోపీ వెనక్కి తోసేసి నడిచింది మార్లిస్. ఆట నడుస్తూనే ఉంది, వెనక పచ్చవాళ్ల కేకలు లేచాయి, ఎర్రవాళ్ల పని అయిపోతున్నట్టుంది, ఆమె తిరిగి చూడలేదు. మలుపు తిరగ్గానే ఊరు కనబడింది, ముందు వరసలో మందుల షాపాయన, లెక్కల టీచరు, తన పెళ్లికి కేకు చేసిచ్చిన ఇద్దరక్కచెల్లెళ్లు. ఒకరి తర్వాత ఒకరు తలలు తిప్పారు. పచ్చవాళ్ల వైపునుంచి వస్తోందని అందరూ చూశారు. చూడనీ. దారి మధ్యలోనే నడిచింది. లోవెల్ చూశాడు. వణికే చెయ్యి జేబులోంచి తీశాడు, మళ్లీ మైదానంవైపు తిరిగాడు. టీచరు మాత్రం కొంచెం జరిగి చోటిచ్చింది. మార్లిస్ కూర్చోకుండా కంచెదాకా పోయింది.

కుర్రాళ్లంతా గీత దగ్గర గుమిగూడి నిలబడ్డారు. బెంచీమీద ఈ చివర ఎమ్మెట్ ఒక్కడే కూర్చున్నాడు, అటు చివరిదాకా ఇంకెవరూ లేరు. హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని, కంచెకి వీపు పెట్టి. చొక్కా కొస బయటికి వేలాడుతోంది. ఆమె కంచె సందులోంచి చెయ్యి పెట్టి దాన్ని లోపలికి దోపింది. వాడు ఉలిక్కిపడలేదు. ఎవరిదో ఆ చెయ్యి తెలిసినట్టు కదలకుండా ఉండిపోయాడు.

"రానన్నావు," అన్నాడు తిరక్కుండానే.

"వచ్చాను."

"పైన చూశాను. లేవు."

"అవతల కూర్చున్నాను. నీ వెనకాలే."

 హెల్మెట్ మీద అంటుకున్న గడ్డిపోచ పీకి పారేశాడు. గొంతు మళ్లీ చిన్నప్పటిదైపోయింది.

"అటునుంచి కనబడిందా?"

"కనబడింది నాన్నా. చెయ్యి మొత్తం కనబడింది."